ఒయాసిస్ కోసం మాంచెస్టర్ దాకా

2024 ఆగస్టు 31, శనివారం. ఇంగ్లండ్‌లో ఉదయం తొమ్మిది, హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర. లీడ్స్‌లో ఉండే మా తమ్ముడు లాప్‌టాప్, ట్యాబ్, ఫోన్ మూడింట్లోనూ టికెట్ల క్యూ తెరిచి కూర్చున్నాడు. నేనిక్కడ ఫోన్ స్పీకర్లో పెట్టి కంచం ముందు కూర్చున్నాను. కలిపిన పప్పన్నం కలిపినట్టే ఎండిపోయింది. క్యూలో వాడి ముందు లక్షమందికి పైగా ఉన్నారు. నాలుగు గంటలు దాటాక, "వచ్చాయన్నయ్యా, రెండు. హీటన్ పార్క్, జులై 12" అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఒయాసిస్ అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1991లో మాంచెస్టర్‌లో పుట్టిన బ్యాండ్ ఇది. పాడేది లియామ్ గాలగర్. పాటలు రాసేదీ గిటార్ వాయించేదీ అతని అన్న నోయెల్. 1994లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'డెఫినెట్లీ మేబీ', మరుసటి ఏడాది వచ్చిన 'మార్నింగ్ గ్లోరీ'తో ఇంగ్లండ్ అంతా వాళ్ళ పాటలే పాడుకుంది. 1996 ఆగస్టులో నెబ్‌వర్త్‌లో రెండు రాత్రులు కలిపి రెండున్నర లక్షల మంది ముందు పాడారు. ఆ టికెట్ల కోసం ప్రయత్నించినవాళ్ళు 25 లక్షల మంది. అన్నదమ్ములకు మాత్రం మొదటి నుంచీ పడేది కాదు. 2009 ఆగస్టు 28న ప్యారిస్‌లో ఒక ఫెస్టివల్లో స్టేజీ ఎక్కే ముందు గొడవపడ్డారు. ఆ రాత్రే నోయెల్ బ్యాండ్ వదిలేశాడు. పదిహేనేళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 27న, మళ్ళీ కలుస్తున్నామని ప్రకటించారు. 2025 జులై 4న కార్డిఫ్‌లో మొదటి షో, వారం తర్వాత సొంత ఊరు మాంచెస్టర్‌లోని హీటన్ పార్కులో ఐదు రాత్రులు.

మా ఇంటికి ఒయాసిస్ 1996లో కేసెట్‌గా వచ్చింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నాను. నేను ఇంటర్, తమ్ముడు ఎనిమిదో తరగతి. వాక్‌మన్ ఒక్కటే. ఎడమ చెవిది నాకు, కుడి చెవిది వాడికి. స్టీరియో కాబట్టి వాడికి వినబడే గిటార్ నాకు సరిగ్గా వినబడేది కాదు. ఒక పాట అయ్యాక చెవులు మార్చుకుని, పెన్సిల్‌తో టేపు వెనక్కి తిప్పుకుని, అదే పాట మళ్ళీ వినేవాళ్ళం. బ్యాటరీ మిగలాలి కదా. లియామ్ యాస మాకు సగం అర్థమయ్యేది కాదు. అయినా పాటంతా నోటికి వచ్చు. 2009 సెప్టెంబరులో తమ్ముడు చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్ళాడు. వాడు అక్కడ దిగేనాటికి బ్యాండ్ విడిపోయి నెల కూడా కాలేదు. "ఇంత దూరం వచ్చాను, ఒక్కసారైనా చూస్తాననుకున్నా అన్నయ్యా" అని మొదటి ఫోన్‌లోనే అన్నాడు. అందుకే ఈ ప్రయాణం ఖర్చు గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

టికెట్ల విషయంలో మాకు అదృష్టం కలిసొచ్చింది. నిలుచునే టికెట్లు మాకు ఒక్కోటి 150 పౌండ్ల దగ్గర, అంటే అప్పటి మన లెక్కలో పదహారు వేల పైచిలుకుకు దొరికాయి. గంటలకొద్దీ క్యూలో నిలబడి చివరికి 355 పౌండ్ల ధర చూసి కంగుతిన్న అభిమానులు ఎందరో. బ్రిటన్‌లో పోటీ, వినియోగదారుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ దీనిపై విచారణ కూడా జరిపింది. పొద్దున ఒక ధర మనసులో పెట్టుకుని వచ్చినవాడికి, ఇంకో రెండు నిమిషాల్లో కొనకపోతే పోతాయన్నప్పుడు ఇంకో ధర చూపించడం అన్యాయం. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది.

వీసా సంగతి. మామూలు విజిటర్ వీసా, ఆరు నెలలకు అప్పుడు, అంటే 2025లో, 127 పౌండ్లు. నేను ఏప్రిల్ చివర్లో అప్లై చేశాను. తమ్ముడి ఆహ్వాన పత్రం, వాడి ఉద్యోగ వివరాలు, నా మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాటితో పాటు కచేరీ టికెట్ కాపీ కూడా జత చేశాను. ఎందుకు వెళ్తున్నామో, ఎప్పుడు తిరిగి వస్తామో స్పష్టంగా కనబడాలి. పాస్‌పోర్టు చేతికి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పందొమ్మిది రోజులూ టెన్షనే. టికెట్ ఉంది కదా అని జూన్ దాకా ఆగకండి.

విమానం హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా మాంచెస్టర్‌కు. రానూపోనూ ఎనభై వేల లోపే అయింది, ఫిబ్రవరిలోనే కొన్నందువల్ల. జులై 1 నుంచి ముంబై–మాంచెస్టర్ మధ్య ఇండిగో నేరుగా విమానం మొదలుపెట్టింది. అప్పటికే నా టికెట్ అయిపోయింది. లండన్‌కు నేరుగా వెళ్ళి, యూస్టన్ స్టేషన్లో రైలెక్కినా రెండు గంటల పైచిలుకులో మాంచెస్టర్ పికడిల్లీ స్టేషన్లో దిగొచ్చు. కానీ ఇంగ్లండ్‌లో రైలు టికెట్ అప్పటికప్పుడు కొంటే చేయి కాలుతుంది. ముందే కొనుక్కోవాలి.

ఇక బస. ఇందులో మాకో చేదు అనుభవం ఉంది. తేదీలు ప్రకటించిన రోజే తమ్ముడు ఊరి మధ్యలో ఒక పెద్ద హోటల్లో మూడు రాత్రులకు గది బుక్ చేశాడు. నాలుగు రోజుల తర్వాత, సాంకేతిక పొరపాటు వల్ల మీ బుకింగ్ రద్దయింది అని మెయిల్ వచ్చింది. అదే గదికి అదే హోటల్ సైట్లో అప్పటికి మూడున్నర రెట్లు ధర కనబడుతోంది. డబ్బు వెనక్కిచ్చారు, కానీ ఫోన్ చేస్తే సమాధానం చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడు తమ్ముడు మ్యాపు ముందేసుకుని ఆలోచించాడు. హీటన్ పార్క్ మాంచెస్టర్‌కు ఉత్తరాన నాలుగు మైళ్ళ దూరంలో ఉంది. దాని పక్క నుంచే ట్రామ్ లైను పోతుంది. దక్షిణం చివర నగరం, ఉత్తరం చివర బరీ అనే చిన్న పట్నం. షో అయ్యాక నూటికి తొంభై మంది నగరం వైపే వెళ్తారు. మనం బరీలో ఉంటే ఎదురు దిశలో, ఖాళీ ట్రామ్‌లో పోవచ్చు. ఈ ఒక్క ఆలోచన మా ప్రయాణాన్ని కాపాడింది. బరీలో ఒక కుటుంబం నడిపే గెస్ట్ హౌస్‌లో రెండు మంచాల గది, రాత్రికి 95 పౌండ్లు, పొద్దున టిఫిన్‌తో కలిపి. మేడ మీద చిన్న గది, లిఫ్టు లేదు, ఏసీ లేదు. ఆ వారం ఇంగ్లండ్‌లో వడగాడ్పులు, మధ్యాహ్నం 30 డిగ్రీలకు దగ్గరగా ఉండేది. మనకు 30 అంటే లెక్కే కాదు గానీ, చలి కోసం కట్టిన ఇళ్ళలో ఆ వేడి బయటికి పోదు. అడిగితే ఆవిడ టేబుల్ ఫ్యాను తెచ్చిచ్చింది. మంచం శుభ్రంగా ఉంది, బాత్రూములో నీళ్ళు ధారాళంగా వచ్చాయి, ట్రామ్ స్టేషన్ ఏడు నిమిషాల నడక. హీటన్ పార్కులో కచేరీకి వెళ్ళే ఎవరికైనా ఈ లైను మీదే, నగరం కాని చివర, బస చూసుకోమంటాను. బరీ మార్కెట్ కూడా చూడదగ్గది. చీజ్ దుకాణాలు, చేపలు, బట్టలు అన్నీ ఒకచోట. అక్కడి వాళ్ళు గొప్పగా చెప్పుకునే బ్లాక్ పుడ్డింగ్ పంది నెత్తురుతో చేసేది. తినేముందు తెలుసుకుని తినండి.

ఊళ్ళో తిరగడం తేలిక. బస్సులూ ట్రామ్‌లూ పసుపు రంగులో ఉంటాయి, బ్యాంకు కార్డే టికెట్. ట్రామ్ స్టాపులో ఎక్కేముందూ దిగాకా రీడర్‌కు కార్డు తప్పనిసరిగా తాకించాలి. దిగాక మరిచిపోతే ఎక్కువ కోసేస్తారు. మేం వెళ్ళినప్పుడు బస్సు ఎంత దూరమైనా రెండు పౌండ్లే.

శుక్రవారం పొద్దున బర్నేజ్ వెళ్ళాం. పికడిల్లీ నుంచి రైల్లో పావుగంట కూడా పట్టదు. గాలగర్ అన్నదమ్ములు పెరిగిన పేట అది. చూడ్డానికి ఏమీ ఉండదు: ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఇంటి ముందు చారెడు గడ్డి, స్కూలు పిల్లలు. స్టేషన్ నుంచి నడక దూరంలో ఫాగ్ లేన్ మీద సిఫ్టర్స్ అనే పాత రికార్డుల దుకాణం ఉంది. 'షేకర్‌మేకర్' పాటలో వచ్చే మిస్టర్ సిఫ్టర్ ఈ దుకాణమే. కుర్రతనంలో నోయెల్ రికార్డులు కొనుక్కున్న చోటు. ఆ వారం పక్క గోడ మీద ఇద్దరన్నదమ్ముల పెద్ద బొమ్మ, దాని ముందు ఫోటోల కోసం వరస. లోపల మాత్రం అరల మధ్య ఇద్దరు మనుషులు ఒకేసారి తిరగలేనంత ఇరుకు.

నేను మా విజయవాడ కేసెట్ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. డబ్బా మూత విరిగిపోయి రబ్బరు బ్యాండు వేసి ఉంది. అట్ట మడతల దగ్గర తెల్లబడింది. దాని మీద రూపాయల్లో ధర. లోపల తమ్ముడు ఎనిమిదో తరగతి చేతిరాతతో, నీలం బాల్‌పెన్నుతో, ఏ పాట తర్వాత ఏ పాటో తెలుగులో రాసుకున్నాడు: హలో, రోల్ విత్ ఇట్, వండర్‌వాల్. పక్కన రికార్డులు వెతుక్కుంటున్న అరవై ఏళ్ళ పెద్దాయన అది చూసి, పట్టుకోవచ్చా అని అడిగి, కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు. ఆ అక్షరాలు ఏ భాషవని అడిగాడు. చెప్పాం. 'వండర్‌వాల్' ఏదో చూపించమన్నాడు. తమ్ముడు వేలుపెట్టి చూపించాడు. ఆయన ఆ అక్షరాల మీద మెల్లగా వేలు నడిపి తిరిగిచ్చాడు. బయటికొచ్చాక మా వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. నేను చూడనట్టు ఉన్నాను.

మాంచెస్టర్‌లో మిగతావి క్లుప్తంగా చెప్తాను. లిటిల్ పీటర్ స్ట్రీట్‌లో బోర్డ్‌వాక్ అనే క్లబ్బు ఉండేది. 1991లో ఒయాసిస్ మొదటిసారి స్టేజీ ఎక్కింది అక్కడే. క్లబ్బు ఎప్పుడో మూతపడింది, భవనం మిగిలింది. వీరాభిమాని అయితే తప్ప పని పెట్టుకుని వెళ్ళక్కర్లేదు. స్పిన్నింగ్‌ఫీల్డ్స్‌లో బ్యాండ్ పేరుతో తెరిచిన దుకాణంలో టీషర్టుల కోసం వీధి చివరిదాకా క్యూ, ధరలు మండుతున్నాయి. మేం బకెట్ టోపీలు రెండు కొని బయటపడ్డాం. డీన్స్‌గేట్‌లో జాన్ రైలాండ్స్ లైబ్రరీ మాత్రం తప్పకుండా చూడండి. 1900లో జనానికి తెరిచిన రాతి భవనం, లోపల చర్చిలో ఉన్నంత నిశ్శబ్దం, ప్రవేశం ఉచితం. తిండికి రషోమ్‌లోని కర్రీ మైల్ వెళ్ళాం. కబాబులు బాగున్నాయి. బిర్యానీ మాత్రం మన నాలుక ఒప్పుకునేది కాదు. బియ్యం మంచిదే కానీ దమ్ము లేదు.

విక్టోరియా స్టేషన్ దగ్గర కెథెడ్రల్ పక్కన గ్లేడ్ ఆఫ్ లైట్ అనే స్మారకం ఉంది. 2017 మే 22న పక్కనే ఉన్న ఎరీనాలో కచేరీ చూసి బయటికొస్తున్నవాళ్ళ మీద బాంబు దాడి జరిగింది. 22 మంది పోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. నేల మీద తెల్లరాతి వలయంలో ఆ పేర్లన్నీ చెక్కి ఉన్నాయి. దాడి జరిగిన మూడో రోజు సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో ఊరంతా నిమిషం మౌనం పాటించింది. మౌనం అయ్యాక జనంలోంచి ఒక స్త్రీ 'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' మొదలుపెట్టింది. మెల్లగా అందరూ అందుకున్నారు. ఎవరూ పాడమని చెప్పలేదు. కచేరీకి ముందు అక్కడ పది నిమిషాలు నిలబడినందుకు, మర్నాడు ఆ పాట మాకు ఇంకోలా వినబడింది.

శనివారం రెండింటికి బరీ నుంచి ట్రామ్ ఎక్కి హీటన్ పార్క్ స్టాపులో దిగాం. అటు నగరం నుంచి వచ్చే ట్రామ్‌లు తలుపు మూయడానికి లేనంత కిక్కిరిసి ఉన్నాయి. పార్కు 600 ఎకరాలు. ఒయాసిస్ విడిపోక ముందు మాంచెస్టర్‌లో చివరిసారి పాడింది కూడా ఇక్కడే, 2009 జూన్‌లో. ఆ మొదటి రాత్రి జనరేటర్ ఆగిపోయి షో మధ్యలో కరెంటు పోయింది. మా వెనక నడుస్తున్న ఒకాయన ఆ రాత్రి కూడా వచ్చాడట. ఇప్పుడు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయికి పదిహేనేళ్ళు. బ్యాండ్ విడిపోయాక పుట్టింది. ఇలాంటి పిల్లలు వేలల్లో ఉన్నారు.

భద్రతా తనిఖీ చురుగ్గానే సాగింది, ఇరవై నిమిషాలు. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, చిన్న సంచి చాలు. నీళ్ళు పట్టుకునే చోట క్యూ మాత్రం భరించలేం. ఎండలో ఎనభై వేల మందికి ఆ కుళాయిలు ఏ మూలకూ రావు. నిర్వాహకుల మీద నా ప్రధాన ఫిర్యాదు ఇదే. మరుగుదొడ్లు లెక్కకు ఎక్కువే ఉన్నాయి, సాయంత్రం ఆరు దాకా శుభ్రంగానే ఉన్నాయి. ఒక బర్గర్, చిప్స్ కలిపి 16 పౌండ్లు. మేం పొద్దున తమ్ముడు చేసిన పులిహోర గెస్ట్ హౌస్ నుంచి బయల్దేరేముందే కడుపునిండా తిని వెళ్ళాం. రాత్రి పదకొండు దాకా ఆకలి వేయలేదు.

2025 జనవరిలో కోల్డ్‌ప్లే బ్యాండ్ కోసం అహ్మదాబాద్ వెళ్ళిన మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ వెళ్ళాను. అక్కడ స్టేడియం, సీటు నంబరు, చేతికి వెలిగే పట్టీ. ఇక్కడ గడ్డి, ఆకాశం, అంతే. ఎక్కడ నిలబడాలో మనమే ఎంచుకోవాలి. ముందుకు తోసుకుపోతే మధ్యలో బయటికి రాలేం. తలమీద బీరు గ్లాసులు పడతాయి (నిండువి కూడా, ఇంగ్లండ్‌లో అదో అలవాటు). మేం సౌండ్ కంట్రోల్ చేసే గుడారానికి కాస్త వెనక, ఎడమ వైపు నేల కొంచెం ఎత్తుగా ఉన్నచోట నిలబడ్డాం. మీరు ఎప్పుడైనా మైదానంలో కచేరీకి వెళ్తే అక్కడే నిలబడండి. శబ్దం సరిచేసే మనిషి తన చెవికి బాగుండేలా చేస్తాడు కాబట్టి, ఆయన దగ్గర ఉంటే మనకూ బాగుంటుంది.

ముందు కాస్ట్ అనే లివర్‌పూల్ బ్యాండ్, తర్వాత రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్ అనే గాయకుడు. 'బిటర్ స్వీట్ సింఫనీ' వచ్చినప్పుడు మైదానమంతా ఒక్క గొంతు అయింది. ఇది అసలు షో కాదు, ముందు వచ్చేది మాత్రమే అని నమ్మడం కష్టమనిపించింది.

దూరంగా, కంచె అవతల ఒక గుట్ట ఉంది. టికెట్ దొరకనివాళ్ళు అక్కడికి చేరారు. నేను చూస్తుండగానే పచ్చగా ఉన్న గుట్ట రంగులమయం అయిపోయింది. జనం దానికి గాలగర్ హిల్ అని పేరు పెట్టేశారు. అక్కడి నుంచి స్టేజీ తెరలు దూరంగా కనబడతాయి, పాట గాలివాటున వినబడుతుంది. తర్వాతి షోలకు చెట్లు పాడవుతున్నాయని నగరపాలక సంస్థ కంచె కట్టించింది. మేం వెళ్ళిన రోజు మాత్రం గుట్ట నిండుగా ఉంది. వేదిక మీద నుంచి వాళ్ళను పలకరించినప్పుడు ఆ దూరం నుంచి చేతులు ఊగడం చూశాం. టికెట్ లేకపోయినా వచ్చి నిలబడ్డ ఆ వేలమందిని నేను ఎప్పటికీ మరిచిపోను.

ఎనిమిదింబావు. ఎండ ఇంకా పోలేదు. జులైలో అక్కడ తొమ్మిదిన్నర దాకా వెలుతురే. తెరమీద పాత వార్తల శీర్షికలు పరిగెత్తాయి, డప్పుల మోత మొదలైంది. అన్నదమ్ములిద్దరూ చేయీ చేయీ పట్టుకుని, పట్టుకున్న చేతులు పైకెత్తి వచ్చారు. పక్కన ఎవరో పెద్దమనిషి ముఖం చేతుల్లో దాచుకుని ఏడుస్తున్నాడు. మొదటి పాట 'హలో'. మా కేసెట్‌లో ఏ సైడు మొదటి పాట. తిరిగి రావడం బాగుంది అని పల్లవిలో వస్తుంది. 1995లో పాడిన ఆ మాట ఈ రోజు కోసమే దాచిపెట్టినట్టుంది.

రెండో పాట 'అక్వియెస్'. దీనిలో చరణం లియామ్ పాడతాడు, పల్లవి నోయెల్ అందుకుంటాడు. మనకు ఒకరికొకరం కావాలి అని ఆ పల్లవి. పదహారేళ్ళ పాటు కలిసి పాడని ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ఆ మాట పాడుతుంటే, పక్కన నా తమ్ముడు నా చొక్కా వెనక భాగం గుప్పిట పట్టుకుని ఉన్నాడు. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతానని అలాగే పట్టుకునేవాడు.

'సిగరెట్స్ అండ్ ఆల్కహాల్' ముందు లియామ్ అందరినీ వెనక్కి తిరగమన్నాడు. స్టేజీకి వీపు పెట్టి, పక్కవాళ్ళ భుజాల మీద చేతులేసి, ఎగరాలి. పోలండ్‌లోని పోజ్నాన్ ఫుట్‌బాల్ అభిమానుల దగ్గర నేర్చుకుని మాంచెస్టర్ సిటీ అభిమానులు తమదిగా చేసుకున్న ఆట ఇది. గాలగర్లు సిటీ అభిమానులు. నా కుడిపక్క తమ్ముడు, ఎడమపక్క ముక్కూ మొహం తెలియని ఆరడుగుల మనిషి, చెమటతో తడిసిన అతని చేయి నా మెడ మీద. కాళ్ళ కింద నేల అదిరింది. ఎనభై వేల మంది ఒకేసారి ఎగిరితే నేల నిజంగానే అదురుతుంది, మాట వరసకు అనడం లేదు.

మధ్యలో నోయెల్ మూడు పాటలు పాడాడు. వాటిలో 'హాఫ్ ద వరల్డ్ అవే'. విజయవాడ నుంచి వచ్చిన మాకు ఆ పేరే చాలు. ఆ పాటప్పుడు మా ముందుకు ఒక పొడుగు కుర్రాడు వచ్చి నిలబడ్డాడు, తమ్ముడికి స్టేజీ కనబడలేదు. పక్కలు మారాం. "చెవులు మార్చుకున్నట్టుంది అన్నయ్యా" అన్నాడు. ఎడమ స్పీకర్ల వైపు వాడు, కుడి వైపు నేను. 1996లో మేడ మీద చాప వేసుకుని పడుకున్నప్పటిలాగే.

లియామ్ గొంతు ఎలా ఉంది అని చాలామంది అడిగారు. నేనూ భయపడ్డాను. మధ్యలో కొన్నేళ్ళు వీడియోల్లో ఆ గొంతు బొంగురుపోయి బాధగా వినిపించేది. ఆ రాత్రి 'స్లైడ్ అవే'లో చివరి చరణం ఎక్కడా తగ్గకుండా పాడాడు. 52 ఏళ్ళ మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, మైకు కిందకు మెడ సాచి, అదే పాత భంగిమ. బ్యాండ్ మొదటి రోజుల నాటి సభ్యుడు బోన్‌హెడ్ పక్కనే గిటార్ వాయిస్తున్నాడు. మూడు గిటార్లు కలిసి ఒక గోడలా వచ్చి మీద పడతాయి. కేసెట్‌లో ఆ గోడ ఇంత ఎత్తు ఉంటుందని మాకు తెలియలేదు. ఒక లోటు చెప్పాలంటే, పాటల వరస కార్డిఫ్‌లో ఎలా ఉందో ఇక్కడా అంతే. ఇంటర్నెట్‌లో ముందే చూసినవాళ్ళకు తర్వాత ఏం వస్తుందో తెలిసిపోతుంది. మేం పంతం పట్టి వారం రోజులు ఏదీ చూడకుండా వెళ్ళాం, అది మంచి పనే అయింది.

'లివ్ ఫరెవర్' వచ్చేసరికి ఆకాశం నారింజ రంగు తిరిగింది. ఆ తర్వాత 'రాక్ ఎన్ రోల్ స్టార్'తో ఒకసారి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చారు. అప్పటికి చీకటి పడింది. 'ద మాస్టర్‌ప్లాన్' తర్వాత 'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్'. పల్లవి దగ్గర నోయెల్ మైకు నుంచి వెనక్కి జరిగాడు. జనమే పాడారు. నిన్న తెల్లరాతి మీద చదివిన పేర్లు కళ్ళ ముందు కదిలాయి. ఈ ఊరివాళ్ళు ఆ పాట పాడుతున్నప్పుడు పరాయివాడిగా నోరు విప్పడానికి ఒక్క క్షణం వెనకాడాను. మా పక్కనున్న ఆరడుగుల మనిషి పాడు అన్నట్టు నన్ను భుజంతో తట్టాడు. పాడాను. 'వండర్‌వాల్' తర్వాత చివరిది 'షాంపేన్ సూపర్‌నోవా'. బాణసంచా పొగ స్టేజీని కప్పేస్తుంటే, అన్నదమ్ములు క్షణం సేపు దగ్గరకొచ్చి ఒకరి భుజం ఒకరు తట్టుకుని విడిపోయారు. తెరమీద అది పెద్దదిగా కనబడింది. మైదానమంతా అరిచింది.

పదిన్నరకు ముందే అయిపోయింది. నగరం వైపు ట్రామ్ క్యూ పార్కు గోడ వెంబడి కనుచూపు మేర ఉంది, రెండు గంటలైనా పడుతుంది. చాలామంది నాలుగు మైళ్ళూ నడుచుకుంటూ బయల్దేరారు. మేం హీటన్ పార్క్ స్టాపు కాదనుకుని, ఉత్తరంగా తర్వాతి స్టాపు ప్రెస్ట్‌విచ్ దాకా నడిచాం. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. బరీ ట్రామ్‌లో కూర్చోవడానికి సీటు దొరికింది. ట్రామ్‌లో ఎవరూ పెద్దగా పాడలేదు, గొంతులు పోయాయి. ఎదుటి సీట్లో పదిహేనేళ్ళ అమ్మాయి తండ్రి భుజం మీద తల పెట్టి, పెదవులు కదుపుతూ నిద్రలోకి జారుకుంది. పన్నెండు కాకముందే బరీలో దిగి కార్డు తాకించాం.

గదిలో వేడి ఇంకా తగ్గలేదు. కిటికీ తీసిపెట్టాను. కింద వీధిలో ఆలస్యంగా వస్తున్నవాళ్ళు 'వండర్‌వాల్' పల్లవి అందుకుని పోతున్నారు. వెనక్కి తిరిగి చూస్తే తమ్ముడు బకెట్ టోపీ గుండెల మీద పెట్టుకుని, షూ కూడా విప్పకుండా నిద్రపోయాడు. నలభై రెండేళ్ళవాడు. మంచం చివర కూర్చుని వాడి షూ లేసులు విప్పాను.